సరిహద్దు యుద్ధానికి తోడొచ్చినవాళ్లు ఎప్పటి దాకా ఉంటారు?

సంపాదకుల గారికి నమస్కారం.

ఎక్కడైనా రెండు పొరుగు దేశాలు సరిహద్దు దగ్గర కొట్టుకోవడం మొదలుపెట్టగానే మన పత్రికల్లో, టీవీల్లో ఒకే రకం బొమ్మ వచ్చేస్తుంది. మధ్యలో ఆ రెండు దేశాల పటం, ఎడమ పక్కన ఒక వరస జెండాలు, కుడి పక్కన ఇంకో వరస. ఎవరి వెనక ఎవరున్నారో చెప్పడం అన్నమాట. చూడ్డానికి బాగుంటుంది, ఒక్క చూపులో అంతా అర్థమైపోయినట్టే ఉంటుంది. కానీ ఆర్మేనియా, అజర్‌బైజాన్ గొడవని 2020 నుంచి కాస్త పట్టించుకుని చదువుతున్న మనిషిగా నాకు ఆ బొమ్మ మీద నమ్మకం పోయింది. ఆ జెండాలు అక్కడ ఎంతకాలం ఉంటాయన్నది అందులో ఎక్కడా కనపడదు. అజర్‌బైజాన్ లోపల ఆర్మేనియన్లు ఎక్కువగా ఉండిన కొండ ప్రాంతం నగోర్నో కరబఖ్‌లో జనాల బతుకులు తలకిందులైంది సరిగ్గా ఆ ఒక్క విషయం దగ్గరే. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, ఏమీ అనుకోవద్దు.

2020 సెప్టెంబరు 27న మొదలైన యుద్ధం 44 రోజులు నడిచింది. కరోనా రోజులవి, అందరం ఫోన్లకి అతుక్కుపోయి ఉన్న కాలం. నా ఫోన్‌కి కూడా ఆ డ్రోన్ వీడియోలు వచ్చాయి. నలుపు తెలుపు తెర, మధ్యలో గురి చూపించే గీతలు, కింద మట్టి గుంతలో నిలబెట్టిన ట్యాంకు, దాని పక్కన ఇద్దరు ముగ్గురు మనుషులు చీమల్లా అటూ ఇటూ కదులుతుంటారు. వాళ్లు తలెత్తి చూడరు, పైన ఒకటి తిరుగుతోందని వాళ్లకి తెలీదు కదా. కొన్ని సెకన్లకి తెర తెల్లబడిపోతుంది. ఎవరో దానికి వెనక మంచి జోరైన మ్యూజిక్ పెట్టారు, కింద చప్పట్ల బొమ్మలు. నేనూ రెండు మూడు చూశాను, అబద్ధం చెప్పను, మొదట్లో నోరెళ్లబెట్టే చూశాను.

తర్వాత ఆ వీడియో ఎలా తయారైందో చదివాను. ఎగిరింది టర్కీలో తయారై అజర్‌బైజాన్ వాడిన బైరక్తార్ టీబీ2 డ్రోన్. దాని కింద బిగించిన కెమెరా, అంటే ఆ మనుషుల్ని చూసిన కన్ను, కెనడాలో తయారైంది. కెనడా 2020 అక్టోబరులో ఆ కెమెరాల ఎగుమతి ఆపింది, 2021 ఏప్రిల్లో లైసెన్సులు పూర్తిగా రద్దు చేసింది, అప్పటికి యుద్ధం అయిపోయి ఐదు నెలలు. ఇంకోరకం డ్రోన్, గాల్లో చక్కర్లు కొట్టి లక్ష్యం దొరకగానే దాని మీద పడి పేలిపోయే హారోప్, అది ఇజ్రాయెల్‌ది. ఆర్మేనియన్ల గగనతల రక్షణ ఎక్కడుందో బయటపెట్టించడానికి ఎరగా పంపినవి సోవియట్ కాలంనాటి ఏఎన్-2 విమానాలు, ఒకప్పుడు పొలాల మీద మందు కొట్టడానికి వాడిన రెండు రెక్కల పాత విమానాలు. వాటి మీదకి పేల్చిన క్షిపణులు రష్యన్ తయారీ. ఇదంతా ఒకే ఆకాశంలో. ఆ రోజుల్లో వచ్చిన జెండాల బొమ్మల్లో కెనడా జెండా నాకైతే ఒక్కదాన్లోనూ కనపడలేదు.

సిరియా నుంచి కిరాయి మనుషుల్ని టర్కీ తెచ్చి దింపిందని ఫ్రాన్స్, రష్యా అన్నాయి, టర్కీ, అజర్‌బైజాన్ కాదన్నాయి. దాని జోలికి నేను ఎక్కువ పోను. ఎందుకంటే బయటివాళ్ల ప్రమేయం అనగానే మనం ముందు ఇలాంటి రహస్య కథల వెంటే పడతాం, బాహాటంగా బిల్లు రాసిచ్చి అమ్మిన సరుకు గురించి మాత్రం మాట్లాడం. స్టాక్‌హోమ్‌లో ఉండి ఆయుధాల అమ్మకాల లెక్కలు కట్టే సిప్రి సంస్థ ప్రకారం 2011 నుంచి 2020 వరకు ఆర్మేనియా దిగుమతి చేసుకున్న పెద్ద ఆయుధాల్లో 94 శాతం రష్యావి. సరే, మిత్రదేశం కదా అనుకుంటాం. అదే పదేళ్లలో అజర్‌బైజాన్ కొన్నవాటిలో కూడా 60 శాతం రష్యావే. ఆర్మేనియాకి మిత్రుడి ధరకి ఇచ్చారు, చమురు డబ్బున్న అజర్‌బైజాన్‌కి పూర్తి ధరకి అమ్మారు. ఒకే కొట్టువాడు రెండిళ్లకీ కత్తులిచ్చి, గొడవ రాగానే పెద్దమనిషిగా వచ్చి మధ్యలో కూర్చున్నట్టు. మరి ఆ బొమ్మలో రష్యా జెండా ఎటు పెడతారు?

ఇది కొత్త సంగతి కూడా కాదు. 1991 వసంతంలో, సోవియట్ యూనియన్ ఇంకా బతికుండగా, సోవియట్ సైన్యం అజర్‌బైజాన్ పోలీసు దళాలతో కలిసి ఆర్మేనియన్ ఊళ్లని చుట్టుముట్టి జనాన్ని ఖాళీ చేయించింది. దానికి ఆపరేషన్ రింగ్ అని పేరు. ఏడాది తిరక్కుండానే, 1992 ఫిబ్రవరిలో, కరబఖ్‌లోని ఖోజాలీలో అజర్‌బైజానీ పౌరుల్ని వందల సంఖ్యలో చంపిన రాత్రి ఆర్మేనియన్ దళాలతో పాటు మాజీ సోవియట్ సైన్యానికి చెందిన 366వ రెజిమెంట్ సైనికులు, వాహనాలు ఉన్నాయి. అదే సైన్యం, అదే యూనిఫాం, అటో సంవత్సరం ఇటో సంవత్సరం. మాస్కోలో కుర్చీ కదిలితే కొండల్లో తుపాకీ మొహం తిరిగింది. 1997లో రష్యన్ పార్లమెంటు రక్షణ కమిటీ అధ్యక్షుడు లెవ్ రోఖ్లిన్ స్వయంగా బయటపెట్టాడు, ఆర్మేనియాకి వంద కోట్ల డాలర్ల విలువైన ఆయుధాలు గుట్టుచప్పుడు కాకుండా వెళ్లాయని.

1990ల మొదట్లో జరిగిన ఆ మొదటి యుద్ధంలో ఆర్మేనియన్లు గెలిచారు, 1994 మేలో కాల్పులు ఆగాయి. కరబఖ్ ఒక్కటే కాదు, దాని చుట్టూ ఉన్న ఏడు జిల్లాలు కూడా పూర్తిగానో కొంతమేరకో వాళ్ల చేతికొచ్చాయి. ఇక్కడ ఒక మాట చెప్పి తీరాలి, లేకపోతే నేను ఒకవైపు మాట్లాడుతున్నానని అంటారు. ఆ జిల్లాల నుంచి లక్షల మంది అజర్‌బైజానీలు ఇళ్లొదిలి పోయారు, రైలు పెట్టెల్లో, హాస్టళ్లలో పిల్లల్ని పెంచారు. అగ్దమ్ అనే ఊరిని ఇటుకలకీ ఇనప ముక్కలకీ ఊడ్చుకుపోయారు, చివరికి ఒక మసీదు, చుట్టూ మొండిగోడలు మిగిలాయి. భద్రతామండలి 1993లోనే నాలుగు తీర్మానాలు చేసింది, ఆక్రమించిన జాగాల నుంచి వెనక్కి పొమ్మని. ఎవరూ కదల్లేదు. వెనక రష్యా ఉందన్న ధీమా అది. ఉంటుందిలే, ఎక్కడికి పోతుంది అనుకున్నారు. ఆ ధీమాతోనే ఇరవై ఆరేళ్లు రాజీకి రాకుండా గడిపేశారని నా అభిప్రాయం, తప్పయితే తెలిసినవాళ్లు దిద్దండి.

తోడొచ్చినవాడు చేసే అసలు నష్టం ఇదేననిపిస్తుంది నాకు. ఆయుధాలు ఇవ్వడం ఒక ఎత్తు. పక్కింటివాడితో మాట్లాడి తేల్చుకోవాల్సిన అవసరం లేదన్న భ్రమ కల్పించడం ఇంకో ఎత్తు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందని సామెత ఉంది కదా, ఇక్కడ పిల్లికి తీర్చాలన్న తొందర కూడా లేదు. తీరకుండా ఉంటేనే దానికి పని. ఈ గొడవ తేల్చడానికి 1992లో మిన్స్క్ గ్రూప్ అని ఒకటి పెట్టారు, దానికి రష్యా, అమెరికా, ఫ్రాన్స్ కలిసి పెద్దలు. ముగ్గురు పెద్దమనుషులు, మూడు దశాబ్దాలు, లెక్కలేనన్ని విమాన ప్రయాణాలు. గ్రూపునే 2025లో మూసేశారు.

ఇక 2020కి వద్దాం. నవంబరు 8న షుషా పట్టణం అజర్‌బైజాన్ చేతికొచ్చింది, కొండ మీదుండే ఊరు, దాని కిందే కరబఖ్ రాజధాని, కాబట్టి ఇంక యుద్ధం అయిపోయినట్టే. మర్నాడు సాయంత్రం ఆర్మేనియా గగనతలంలో ఒక రష్యన్ హెలికాప్టర్‌ని అజర్‌బైజాన్ పొరపాటున కూల్చేసింది, ఇద్దరు పోయారు, క్షమాపణ చెప్పింది. ఆ రాత్రే రష్యా అధ్యక్షుడు పుతిన్, అజర్‌బైజాన్ అధ్యక్షుడు అలియేవ్, ఆర్మేనియా ప్రధాని పషిన్యాన్ ముగ్గురూ కాగితం మీద సంతకాలు పెట్టారు. 44 రోజుల్లో రెండు వైపులా కలిపి ఆరు వేల మందికి పైగా సైనికులు చనిపోయారు, చాలామంది ఇరవై ఏళ్లు నిండీ నిండని కుర్రాళ్లు.

ఆ కాగితం నేను పూర్తిగా చదివాను, పెద్దదేం కాదు, తొమ్మిది అంశాలు. 1,960 మంది రష్యన్ శాంతి సైనికులు, 90 సాయుధ వాహనాలు, 380 ఇతర వాహనాలు. లాచిన్ కారిడార్ అని ఐదు కిలోమీటర్ల వెడల్పున ఒక దారి, ఆర్మేనియాకీ కరబఖ్‌కీ మధ్య మిగిలిన ఒకే ఒక్క దారి, దాన్ని ఈ సైనికులు కాపలా కాస్తారు. గడువు ఐదేళ్లు, ఎవరూ ఆరు నెలల ముందు వద్దనకపోతే ఇంకో ఐదేళ్లు. చూడండి, వాహనాల సంఖ్య దాకా రాశారు. ఆ దారిని ఎవరైనా మూసేస్తే ఈ సైనికులు ఏం చెయ్యాలి, తోస్తారా, కాలుస్తారా, ఫోన్ చేస్తారా, అదొక్కటీ రాయలేదు. అజర్‌బైజాన్‌కి అప్పగించాల్సిన కెల్బజార్ జిల్లాలో ఆర్మేనియన్లు వెళ్లిపోతూ తమ ఇళ్లకి తామే నిప్పు పెట్టుకున్నారు, కొందరు సమాధులు తవ్వి తమవాళ్ల అవశేషాలు కూడా తీసుకెళ్లారు. కరబఖ్ లోపల మిగిలినవాళ్లు మాత్రం రష్యావాళ్లొచ్చారు, ఇంక భయం లేదు అని తిరిగొచ్చారు. వేలమంది తిరిగొచ్చారు. పిల్లల్ని బళ్లకి పంపారు, పగిలిన అద్దాలు బిగించుకున్నారు.

తర్వాత రష్యాకి వేరే పని పడింది. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీద దాడికి దిగింది. మనకి ఆ తేదీ గుర్తుంది, దానికి రెండు రోజుల ముందు తేదీ మాత్రం ఎవరికీ గుర్తులేదు. ఫిబ్రవరి 22న అలియేవ్ మాస్కో వెళ్లి పుతిన్‌తో మైత్రీ ప్రకటన మీద సంతకం పెట్టాడు. ఆర్మేనియాకి రష్యా ఒప్పందం ప్రకారం మిత్రుడు, ఆర్మేనియా పోరాడుతున్న దేశానికీ ఇప్పుడు మిత్రుడే. ఆంక్షల్లో ఇరుక్కున్న రష్యాకి సరుకులు పోయే దారుల కోసం అజర్‌బైజాన్ కావాలి, టర్కీ కావాలి. కొండల్లో ఉన్న లక్షమంది ఆర్మేనియన్లు ఏం ఇస్తారు? కరబఖ్ శాంతి దళానికి మొదట కమాండర్‌గా ఉన్న రుస్తం మురాదోవ్ తర్వాత ఉక్రెయిన్ యుద్ధంలో తేలాడు. యూరప్ కూడా తక్కువ తినలేదు, 2022 జులైలో యూరోపియన్ కమిషన్ అధ్యక్షురాలు అజర్‌బైజాన్ రాజధాని బాకూ వెళ్లి గ్యాస్ దిగుమతి రెట్టింపు చేస్తామని ఒప్పందం చేసుకొచ్చారు.

2022 డిసెంబరు 12న లాచిన్ దారికి అడ్డంగా కొందరు బైఠాయించారు. తాము పర్యావరణ కార్యకర్తలమన్నారు, గనుల తవ్వకం ఆపాలన్నారు. అజర్‌బైజాన్ లాంటి దేశంలో సర్కారుకి తెలీకుండా నెలల తరబడి రోడ్డు మీద ధర్నా ఎలా జరుగుతుందో మీరే ఆలోచించండి. రష్యన్ సైనికులు పక్కనే నిలబడి ఉన్నారు. కదిలించలేదు. జనవరికి కరబఖ్‌లో బియ్యం, పంచదార, నూనె కూపన్ల మీద ఇవ్వడం మొదలైంది. 2023 ఏప్రిల్ 23న ఆ దారిలోని హకారి వంతెన మీద అజర్‌బైజాన్ ఏకంగా చెక్‌పోస్టు పెట్టేసింది. ఆ దారిని మేం కాపలా కాస్తాం అని సంతకం పెట్టిన సైన్యం ఆ దారి మీదే ఉంది, వంతెన మీద చెక్‌పోస్టు కట్టడం చూస్తూ ఉంది. జూన్ సగానికి రెడ్‌క్రాస్ లారీలకి కూడా దారి లేదు. ఆగస్టుకి బ్రెడ్ కోసం రాత్రుళ్లు లైన్లు, పెట్రోలు లేక జనం నడిచే ఆసుపత్రులకి పోవడం.

సెప్టెంబరు 19న అజర్‌బైజాన్ దాడి చేసింది. ఒక్క రోజు. 24 గంటల్లో కరబఖ్ దళాలు ఆయుధాలు దించేశాయి. ఆ గొడవలో రష్యన్ శాంతి సైనికులు కూడా కొందరు, ఉప కమాండర్‌తో సహా, చనిపోయారు, అలియేవ్ మళ్లీ క్షమాపణ చెప్పాడు, మాస్కో ఆ మాటతో సరిపెట్టుకుంది. తర్వాత వారం పదిరోజుల్లో లక్షమందికి పైగా జనం ఊళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. పైన పరుపులు కట్టిన కార్లు, ట్రాక్టర్లు, చెత్త లారీలు, సందు లేకుండా ఒకే వరస, మామూలుగా రెండు మూడు గంటల ప్రయాణానికి ఒకటిన్నర రోజు పట్టింది. దారికి పెట్రోలు దొరుకుతుందని ఒక డిపో దగ్గర చేరినప్పుడు అది పేలి రెండు వందల మందికి పైగా చనిపోయారు. తొమ్మిది నెలలు మూసి ఉన్న ఆ లాచిన్ దారి ఆ వారం మాత్రం తెరిచే ఉంది, ఒకవైపుకి.

శాంతి సైనికుల గడువు 2025 నవంబరు దాకా ఉంది. 2024 జూన్‌కే వాళ్లు సామాన్లు సర్దుకుని వెళ్లిపోయారు. కాపాడాల్సిన మనుషులే లేరు, ఇంకెవరికి కాపలా?

ఆర్మేనియాకి ఇంకో ధీమా కూడా ఉండేది, రష్యా నాయకత్వంలోని సామూహిక భద్రతా ఒప్పంద సంస్థ. ఒకరి మీద దాడి జరిగితే అందరి మీదా జరిగినట్టే అని అందులో రాసుంది. 2020లో ఆ సంస్థ కదలకపోతే మాస్కో ఒక జవాబు చెప్పింది, యుద్ధం ఆర్మేనియా భూమి మీద జరగడం లేదు కదా అని. న్యాయపరంగా అది నిజమే, కరబఖ్‌ని ప్రపంచమంతా అజర్‌బైజాన్ భూభాగంగానే గుర్తిస్తుంది. కానీ 2022 సెప్టెంబరులో అజర్‌బైజాన్ నేరుగా ఆర్మేనియాలోని జెర్ముక్ దాకా కొట్టింది, రెండు రోజుల్లో రెండు వందల మందికి పైగా ఆర్మేనియన్ సైనికులు పోయారు. అప్పుడు సంస్థ ఏం చేసింది? పరిస్థితి చూసి రమ్మని ఒక బృందాన్ని పంపింది. కంటితుడుపు. ఆర్మేనియాలోనే గ్యుమ్రీలో రష్యన్ సైనిక స్థావరం ఉంది, ఇప్పటికీ ఉంది. 2024 ఫిబ్రవరిలో ఆర్మేనియా ఆ సంస్థలో తన పాత్రని స్తంభింపజేసింది. ఇప్పుడు సరిహద్దు వెంట యూరోపియన్ యూనియన్ పరిశీలకులు తిరుగుతున్నారు, ఆయుధాల్లేవు, చేతిలో బైనాక్యులర్లు.

రష్యా ఒక్కదాన్నే తిట్టాలని నా ఉద్దేశం కాదు. ఇలా మొహం చాటేయడం పెద్ద దేశాలన్నీ చేసేదే. దీనికంటే ఘోరమైంది ఆఫ్రికాలో జరిగింది, ఇప్పుడు ఎవరూ తలుచుకోరు. 1977లో సోమాలియా, ఇథియోపియా మధ్య, ఇథియోపియాలో సోమాలీలు ఎక్కువగా ఉండే ఒగాడెన్ ప్రాంతం కోసం యుద్ధం. సోమాలియా సైన్యాన్ని పెంచి పోషించింది సోవియట్ యూనియన్, బెర్బెరా రేవులో వాళ్ల స్థావరం, 1974లో స్నేహ ఒప్పందం కూడా. ఇథియోపియా పాత స్నేహితుడు అమెరికా. జులైలో సోమాలియా పాలకుడు సియాద్ బర్రే సైన్యం ఒగాడెన్‌లోకి దూసుకుపోయింది, సెప్టెంబరుకి జిజిగా పట్టణం పట్టేసుకుంది. అంతకుముందే, ఏప్రిల్లో, ఇథియోపియా పాలకుడు మెంగిస్టు అమెరికన్లని వెళ్లగొట్టి మాస్కో వైపు తిరిగాడు. మాస్కో లెక్క వేసుకుంది. పెద్ద దేశం ఏది, జనం ఎక్కడ ఎక్కువ? ఇథియోపియా. అంతే. నవంబరులో బర్రే కోపంతో సోవియట్ సలహాదారుల్ని గెంటేశాడు, ఆ నెలాఖరు నుంచే ఇథియోపియాకి సోవియట్ విమానాల్లో, ఓడల్లో ట్యాంకులు, ఫిరంగులు దిగడం మొదలైంది. పది వేలకు పైగా క్యూబన్ సైనికులు దిగారు. యుద్ధ వ్యూహం గీయడానికి సోవియట్ జనరల్ వాసిలీ పెట్రోవ్ వచ్చాడు.

ఒక్కసారి సోమాలీ అధికారి కోణంలో చూడండి. తనకి ట్యాంకు నడపడం నేర్పింది సోవియట్ గురువు. తన దళాలు ఎక్కడ బలంగా ఉంటాయో, దేనికి తడబడతాయో ఆ గురువుకి తెలుసు. ఇప్పుడు గురువు కొండకి అవతల కూర్చుని ఉన్నాడు. ఇంకో విచిత్రం, సోమాలియా దగ్గరున్న సోవియట్ మిగ్ విమానాల్ని కూల్చినవి ఇథియోపియా దగ్గర మిగిలిపోయిన అమెరికన్ ఎఫ్-5లు, వాటినిచ్చిన అమెరికా అప్పటికి ఇథియోపియా పక్కన లేదు. 1978 మార్చిలో జిజిగా ఇథియోపియా చేతికి తిరిగొచ్చింది, సోమాలియా వెనక్కి తగ్గింది. రెండేళ్లకి, 1980లో, సోవియట్లు ఖాళీ చేసిన అదే బెర్బెరాని వాడుకోవడానికి అమెరికా ఒప్పందం చేసుకుంది. కుర్చీలు మార్చుకునే ఆటలా లేదూ? ఒగాడెన్ నుంచి లక్షల మంది కాందిశీకులుగా సోమాలియాలోకి వచ్చారు, ఆ దేశం ఆ దెబ్బ నుంచి తేరుకోనేలేదు, 1991లో ప్రభుత్వమే కుప్పకూలింది. అదే ఏడాది మెంగిస్టు కూడా పారిపోయాడు. అదే ఏడాది చివర సోవియట్ యూనియనే లేకుండా పోయింది. సరిహద్దు గీత ఎక్కడుందో అక్కడే ఉంది.

మళ్లీ ఆర్మేనియా, అజర్‌బైజాన్ ఉన్న కాకసస్‌కి వస్తాను, ఎందుకంటే అక్కడ ఇప్పుడు కొత్త పేరు వినిపిస్తోంది. 2020 కాగితంలో తొమ్మిదో అంశం ఒకటుంది, అజర్‌బైజాన్ ప్రధాన భూభాగం నుంచి విడిగా ఉన్న దాని ముక్క నఖిచెవాన్‌కి ఆర్మేనియా గుండా దారి ఇవ్వాలని, ఆ దారిని రష్యన్ భద్రతా సంస్థ ఎఫ్ఎస్‌బీ సరిహద్దు దళాలు చూసుకుంటాయని. 2025 ఆగస్టు 8న వైట్‌హౌస్‌లో అలియేవ్, పషిన్యాన్ ట్రంప్‌ని మధ్యలో పెట్టుకుని కూర్చుని అదే దారికి ట్రంప్ పేరు పెట్టారు. నలభై చిల్లర కిలోమీటర్లు. ఐదేళ్ల కిందట రష్యన్ జవానుని నిలబెడతామన్న చోట ఇప్పుడు అమెరికన్ కంపెనీలు వస్తాయంటున్నారు. ఇరాన్ సరిహద్దుకి ఆనుకుని పోయే దారి అది, టెన్షన్ పడాల్సిన చోటే. కాల్పులు ఆగితే నాకూ సంతోషమే, ఎవరి పేరు పెట్టుకుంటే ఏంటి అని కూడా అనిపిస్తుంది. కానీ అమెరికాలో నాలుగేళ్లకోసారి ఎన్నికలొస్తాయి. తర్వాత వచ్చే అధ్యక్షుడికి, తన ముందువాడి పేరున్న రోడ్డు మీద ఎంత ఆసక్తి ఉంటుందో ఆర్మేనియాలో ఎవరో ఒకరు ఇప్పటికే లెక్క వేసుకుంటూ ఉండాలి.

ఈ బొమ్మలో మన జెండా కూడా ఉంది, అది మాత్రం మన పత్రికల్లో గర్వంగా పెద్ద అక్షరాల్లో వస్తుంది. రష్యా మీద నమ్మకం పోయాక ఆర్మేనియా మన దగ్గర పినాక రాకెట్లు కొంది. అటు అజర్‌బైజాన్ పాకిస్తాన్ నుంచి జేఎఫ్-17 విమానాలు తీసుకుంటోంది. వాళ్ల కొట్లాట మనకి ఆర్డరు. అమ్మడం తప్పని నేను అనను, తనని తాను కాపాడుకోవాలనుకునే చిన్న దేశం ఎక్కడో ఒకచోట కొనుక్కోవాల్సిందే. అయితే ఆ వార్త రాసేటప్పుడు రేపు అక్కడ మళ్లీ యుద్ధం వస్తే మనం ఏం చేస్తాం, విడి భాగాలు పంపుతామా, ఆపుతామా, ఎవరైనా ఫోన్ చేస్తే మాట మారుస్తామా అని ఒక్క వాక్యం అడిగినవాళ్లు కనపడరు. 2020కి ముందు మాస్కో పత్రికల్లో కూడా ఆయుధాల ఆర్డర్ల వార్తలు ఇలాగే గర్వంగా వచ్చి ఉంటాయి.

కాబట్టి నా విన్నపం చిన్నది. ఈసారి ఎక్కడ సరిహద్దు గొడవ మొదలైనా, జెండాల బొమ్మ వేసినప్పుడు ప్రతి జెండా కింద మూడు ముక్కలు చేర్చండి. ఎప్పుడొచ్చారు, ఏ కాగితం మీద వచ్చారు, ఆ కాగితం గడువు ఎప్పుడు. ఇదే దేశం అవతలివైపుకి కూడా అమ్ముతుంటే అది కూడా. జాగా సరిపోదంటారా, జెండాల సైజు తగ్గించండి. శాంతి దళాలు వచ్చిన రోజు మొదటి పేజీలో ఫొటో వేస్తారు, వెళ్లిపోయిన రోజు లోపలి పేజీలో కూడా ఉండదు. 2024లో రష్యన్లు కరబఖ్ వదిలిన వార్త నేను తెలుగులో వెతికి వెతికి రెండు పేరాలు పట్టుకున్నాను.

ఇంకో సంగతి, ఇది మీ ఎడిటింగ్ వాళ్లకి. కరబఖ్ రాజధానిని ఒక రోజు స్టెపానకెర్ట్ అనీ ఇంకో రోజు ఖాన్‌కెందీ అనీ వేస్తున్నారు, చదివేవాళ్లు రెండు ఊళ్లనుకుంటారు. ఊరు ఒక్కటే. మొదటి పేరు వెళ్లిపోయినవాళ్లది, రెండోది ఇప్పుడు అక్కడున్నవాళ్లది. రెండూ పక్కపక్కన వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు